ముప్పై ఫైళ్లు, ఒక్క లెక్క
(ఎక్కువ ఫైళ్ల నుంచి డేటా చదివేటప్పుడు వచ్చే చిక్కులు, వాటిని విడదీసే పద్ధతి)



మన హాస్టల్‌లో చదువుకొని డిగ్రీ, ఇంజనీరింగ్, పీజీ కోర్సులకు వెళ్లిన వారందరికీ చివరి సంవత్సరంలో ఏదో ఒక ప్రాజెక్టు పని ఉంటుంది. అది వర్షపాతం కావచ్చు, భూగర్భ జలాలు కావచ్చు, ప్రయోగశాలలో తీసిన కొలతలు కావచ్చు. ఏది తీసుకున్నా డేటా ఒక్క ఫైల్‌లో ఉండదు. ఏడాదికొకటో, నెలకొకటో, ప్రయోగానికొకటో చొప్పున పదుల కొద్దీ ఫైళ్లు ఉంటాయి. వాటిని విడివిడిగా తెరిస్తే బాగానే తెరుచుకుంటాయి. అన్నీ కలిపి చదివించగానే కంప్యూటర్ మొరాయిస్తుంది. లేదా, అంతకంటే ప్రమాదంగా, ఏమీ అనకుండా ఒక తప్పు జవాబు ఇస్తుంది.

అప్పుడు మనలో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన ఒకటే: "నాకు కంప్యూటర్ సరిగా రాదు, అందుకే ఇలా అయింది." మేము కూడా అలాగే అనుకున్నాము. అది నిజం కాదని, ఈ చిక్కులు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు కూడా వస్తాయని, వాటిని విడదీయడానికి తెలివి కంటే ఓపిక, వరుస ముఖ్యమని తెలియజేయడానికే ఈ పాఠం.

స్టాక్ రిజిస్టర్ల లెక్క

మన మెస్‌లో బియ్యం స్టాక్ రిజిస్టర్ నెలకొకటి ఉందనుకుందాం. ఏడాది మొత్తం ఎంత బియ్యం ఖర్చయిందో లెక్క తేల్చాలి. పన్నెండు రిజిస్టర్లు ముందు పెట్టుకొని కూడితే చాలు కదా అనిపిస్తుంది. కానీ జులై రిజిస్టర్‌లో లెక్క కిలోల్లో ఉంది, ఆగస్టుది బస్తాల్లో ఉంది. అక్టోబర్‌లో దసరా సెలవులకు కొన్ని గడులు ఖాళీగా వదిలేశారు. అది సున్నానా, రాయడం మరిచారా తెలియదు. డిసెంబర్ రిజిస్టర్‌లో చివరి పేజీ చిరిగిపోయింది. రిజిస్టర్లను ఎవరో కలిపేసి వరుస మార్చారు. ఒక నెల ముగింపు నిల్వ మరో నెల ప్రారంభ నిల్వతో కుదరడం లేదు.

మనిషి అయితే ఇవన్నీ చూసి ఆగుతాడు, అడుగుతాడు. కంప్యూటర్ ఆగదు. దానికి కిలో, బస్తా తేడా తెలియదు. సంఖ్య కనిపిస్తే కూడేస్తుంది. ఎక్కువ ఫైళ్లతో వచ్చే చిక్కులన్నీ ఈ నాలుగు రకాల్లోనే ఉంటాయి: కొలమానం, ఖాళీ, కొరత, వరుస.

మేము తీసుకున్న ఉదాహరణ

భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం దేశం మొత్తానికి రోజువారీ వర్షపాతాన్ని గళ్ల రూపంలో ఇస్తుంది. 1901 నుంచి ఏడాదికొక ఫైల్ ఉంటుంది. దేశ పటం మీద పావు డిగ్రీకి ఒక బిందువు చొప్పున తూర్పు పడమరలుగా 135, ఉత్తర దక్షిణాలుగా 129 బిందువులు ఉంటాయి. అంటే రోజుకు 135 × 129 = 17,415 సంఖ్యలు. ఒక్కో సంఖ్యకు 4 బైట్లు. కనుక ఒక రోజుకు 69,660 బైట్లు, 365 రోజుల ఏడాదికి 2,54,25,900 బైట్లు, లీపు సంవత్సరానికి 2,54,95,560 బైట్లు.

ఈ గుణకారం ఎందుకు చేశామో ముందు ముందు తెలుస్తుంది. ఇప్పటికి ఒక్క మాట గుర్తుంచుకోండి: ఫైల్ తెరవకముందే దాని బరువు ఎంత ఉండాలో మనకు తెలిసి ఉండాలి.

1991 నుంచి 2020 వరకు 30 ఫైళ్లు తీసుకొని, మా జిల్లాలో ఏ ఏడాది ఎంత వాన కురిసిందో పైథాన్ భాషలో లెక్కించడం మా పని. ఈ 30 ఏళ్లలో లీపు సంవత్సరాలు 8. కనుక మొత్తం రోజులు 10,958.

అరిచే తప్పులు

కంప్యూటర్ ఎర్ర అక్షరాలతో సందేశం ఇచ్చి ఆగిపోతే భయపడకండి. అది మేలు చేస్తోంది. సాధారణంగా ఎదురయ్యేవి ఇవి.

1. ఫైల్ దొరకలేదు: ఫైల్ కళ్ల ముందే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం లేదంటుంది. కారణాలు మూడు. ఒకటి, ప్రోగ్రామ్ మనం అనుకున్న ఫోల్డర్‌లో కాకుండా వేరే ఫోల్డర్‌లో వెతుకుతోంది. రెండు, విండోస్ ఫైల్ పేరు చివరి తోకను దాచి చూపిస్తుంది. మనకు సీఎస్‌వీ అని కనిపించే ఫైల్ అసలు పేరు చివర టీఎక్స్‌టీ అని ఉండవచ్చు. మూడు, లినక్స్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. విండోస్‌లో నడిచిన ప్రోగ్రామ్ కాలేజీ ల్యాబ్‌లోని లినక్స్‌లో ఆగిపోవడానికి తరచూ ఇదే కారణం. పైథాన్‌లో మరో తిరకాసు ఉంది. విండోస్ దారిలో వాడే వెనక్కి వాలిన గీత తరువాత ఎన్ అనే చిన్న అక్షరం వస్తే, దాన్ని కొత్త లైన్ గుర్తుగా తీసుకుంటుంది. అందుకే 'న్యూ' అనే పేరున్న ఫోల్డర్‌తో చాలామంది తిప్పలు పడతారు. ముందుకు వాలిన గీత వాడితే ఆ బాధ లేదు.

2. పరిమాణాలు కుదరలేదు: 365 రోజుల ఫైల్ పక్కన 366 రోజుల ఫైల్ పెట్టి రెండింటినీ ఒకే కొలత పెట్టెలో సర్దమంటే వచ్చే సందేశం ఇది. ఏడాదిని బట్టి రోజుల సంఖ్యను మార్చుకునేలా రాయాలి.

3. తెరిచిన ఫైళ్లు ఎక్కువయ్యాయి: లినక్స్‌లో సాధారణంగా ఒక ప్రోగ్రామ్ ఒకేసారి 1,024 ఫైళ్లు మాత్రమే తెరిచి ఉంచగలదు. రోజుకొక ఫైల్ చొప్పున 30 ఏళ్ల డేటా ఉంటే 10,958 ఫైళ్లు. ఒక్కొక్కటి తెరిచి, చదివి, మూసి ఆ తరువాతే రెండోది తెరవాలి. చదివిన పుస్తకం అల్మారాలో పెట్టి ఇంకొకటి తీసుకున్నట్టు.

4. జ్ఞాపకశక్తి చాలలేదు: ముప్పై ఏళ్ల ఫైళ్లన్నీ కలిపితే 76 కోట్ల బైట్లు దాటుతాయి. మనకు కావలసింది ఒక జిల్లా అయినప్పుడు దేశమంతా మోయడం ఎందుకు? ఒక్కో ఫైల్ చదవగానే మన జిల్లా బిందువులు మాత్రమే ఉంచుకొని మిగిలినవి వదిలేయాలి.

మేము నోరు మూయించిన తప్పు

ఇప్పుడు మా సంగతి. మొదటిసారి ప్రోగ్రామ్ నడిపినప్పుడు పరిమాణాలు కుదరలేదని సందేశం వచ్చింది. చూస్తే 2020 ఫైల్‌లోని సంఖ్యలు 17,415తో నిశ్శేషంగా భాగించబడటం లేదు. చివర 4,500 సంఖ్యలు మిగులుతున్నాయి. గడువు దగ్గర పడింది. చివరలో మిగిలిన ముక్కను వదిలేసి, నిండు రోజుల వరకే తీసుకొమ్మని ఒక లైన్ రాశాము. సందేశం పోయింది. ప్రోగ్రామ్ చక్కగా నడిచింది. గ్రాఫ్ కూడా వచ్చింది.

ఆ గ్రాఫ్‌లో మా జిల్లాకు 30 ఏళ్లలో అన్నిటికంటే పెద్ద కరువు 2020లో వచ్చినట్టు తేలింది. దాని మీద రెండు పేజీల వ్యాఖ్య కూడా రాశాము. రైతుల మీద దాని ప్రభావం, చెరువుల పరిస్థితి, అన్నీ.

సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు మాలో ఒకరు ఆ గ్రాఫ్‌ను వాళ్ల నాన్నకు చూపించారు. ఆయన పెద్దగా చదువుకోలేదు. గ్రాఫ్ అంటే ఏమిటో చెప్పించుకొని విన్నారు. విని, "కరువేందిరా? ఆ ఏడే గదా మన చెరువు అలుగు దుంకింది!" అన్నారు.

తిరిగి వచ్చి ఫైల్ బరువు చూశాము. ఉండవలసింది 2,54,95,560 బైట్లు. ఉన్నది 1,39,50,000 బైట్లు. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ ఆగిపోయింది. ఆ ఫైల్‌లో ఉన్నవి 200 నిండు రోజులు మాత్రమే, అంటే జులై 18 వరకే. ఆగస్టు వానలు లేవు. హైదరాబాద్‌ను ముంచెత్తిన అక్టోబర్ వానలు లేవు. తెలంగాణలో సాధారణం కంటే ఎక్కువ వాన కురిసిన సంవత్సరాన్ని మేము కరువు సంవత్సరం చేసి పెట్టాము.

కంప్యూటర్ ముందే చెప్పింది. దాని నోరు మూయించింది మేమే. సందేశం రాకుండా చేయడం వేరు, తప్పు సరిదిద్దడం వేరు. ఈ పాఠంలో మీరు ఒక్కటే గుర్తుంచుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

మౌనంగా ఉండే తప్పులు

అసలు సందేశమే రాని తప్పులు మరికొన్ని ఉన్నాయి.

వరుస తప్పడం: నెలల ఫైళ్లకు 1, 2, 3 అని పేర్లు పెడితే కంప్యూటర్ వాటిని అక్షరాల వరుసలో 1, 10, 11, 12, 2, 3 అని పేరుస్తుంది. ఇంగ్లిష్ నెలల పేర్లు పెడితే ఏప్రిల్ మొదట, ఆగస్టు తరువాత వస్తాయి. అందుకే 01, 02 అని రెండంకెల్లో పేరు పెట్టాలి. పైథాన్‌లో ఫైళ్ల పేర్లు పోగుచేసే 'గ్లాబ్' అనే సాధనం ఏ వరుసకూ హామీ ఇవ్వదు. ఒక కంప్యూటర్‌లో ఒక వరుస, మరో కంప్యూటర్‌లో మరో వరుస రావచ్చు.

దీని వల్ల జరిగిన ఒక నిజమైన సంఘటన వినండి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన విల్లోబీ–హోయ్ స్క్రిప్టులు 2014లో నేచర్ ప్రోటోకాల్స్ పత్రికలో వచ్చాయి. అణువు నిర్మాణాన్ని తేల్చుకోవడానికి రసాయన శాస్త్రవేత్తలు వాటిని వాడుతున్నారు. ఒక అణువు తీసుకోగల ఒక్కో ఆకృతికి సంబంధించిన లెక్కలు వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి. స్క్రిప్టు వాటిని చదివి, జతపరచి, సగటు తీస్తుంది. 2019లో హవాయి విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి గమనించినది ఏమిటంటే, అవే ఫైళ్లు, అదే స్క్రిప్టు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో నడిపితే వేర్వేరు జవాబులు ఇస్తున్నాయి! కారణం గ్లాబ్ ఇచ్చిన వరుసను నమ్మడం. వరుస మారితే ఒక ఆకృతి విలువ మరో ఆకృతికి జత అయిపోతోంది. విరుగుడు, పేర్లను ముందుగా వరుసలో పేర్చే ఒక చిన్న సవరణ. ఆ స్క్రిప్టులను ఉదహరించిన పరిశోధన పత్రాలు అప్పటికే నూట యాభై దాకా ఉన్నాయి. ఐదేళ్లపాటు ఎవరికీ కనిపించనిది ఒక విద్యార్థి కంట పడింది.

ఖాళీ గుర్తులు: డేటా లేని చోట ఏదో ఒక అసాధ్యమైన సంఖ్య పెట్టడం ఆనవాయితీ. వాతావరణ శాఖ వర్షపాతం ఫైళ్లలో అది మైనస్ 999. ఉష్ణోగ్రత ఫైళ్లలో 99.9. వర్షపాతంలో అయితే సగటు మైనస్‌లోకి పోయి మనకు అనుమానం వస్తుంది. ఉష్ణోగ్రతలో అలా కాదు. 29 రోజులు 32 డిగ్రీలు, ఒక్క రోజు డేటా లేక 99.9 ఉందనుకోండి. మొత్తం 1,027.9. ముప్పైతో భాగిస్తే 34.26. ఎవరైనా నమ్మే సంఖ్యే! నిజమైన సగటు మాత్రం 32. డేటా లేని ఒక్క రోజు రెండు డిగ్రీల ఎండను పుట్టించింది. కనుక చదవగానే ఆ గుర్తులను 'విలువ లేదు' అని మార్చాలి. సున్నాగా మార్చకూడదు. వాన పడకపోవడం వేరు, కొలవకపోవడం వేరు.

కొలమానం: భారత వాతావరణ శాఖ ఫైళ్లలో వాన మిల్లీమీటర్లలో ఉంటుంది. ఐరోపా వాతావరణ కేంద్రం వారి ఈఆర్ఏ5 డేటాలో మీటర్లలో ఉంటుంది. రెండూ కలిపితే వెయ్యి రెట్ల తేడా. ఉష్ణోగ్రత ఒకచోట సెల్సియస్, మరోచోట కెల్విన్. నెట్‌సీడీఎఫ్ రకం ఫైళ్లలో అసలు విలువకు బదులు చిన్న పూర్ణసంఖ్యను దాచి, దాన్ని దేనితో గుణించాలో, దానికి ఏమి కలపాలో ఫైల్‌లోనే రాసి ఉంచే పద్ధతి కూడా ఉంది. ఆ రెండు సంఖ్యలు ఫైల్‌కూ ఫైల్‌కూ మారవచ్చు. మొదటి ఫైల్ గుణకాన్ని అన్నిటికీ వాడితే కొంప మునుగుతుంది.

తేదీ: 03/07 అంటే మనకు జులై 3. అమెరికా పద్ధతిలో అమర్చిన సాఫ్ట్‌వేర్‌కు మార్చి 7. తేదీ 12 దాటితే చిక్కు బయటపడుతుంది. అంతవరకు మౌనమే. తేదీ పద్ధతి ఏదో ప్రోగ్రామ్‌కు మనమే స్పష్టంగా చెప్పాలి.

కొరత: ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. ప్రయోగశాలల నుంచి వచ్చిన ఫైళ్లను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలో చేర్చారు. ఆ రకం ఫైల్‌లో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి రాలిపోయాయి. ఆ రోగులను కలిసిన వారికి హెచ్చరిక ఆలస్యంగా అందింది. ఫైల్ చదవడంలో తప్పు అంటే మార్కులు పోవడం మాత్రమే కాదని దీనివల్ల తెలుస్తోంది.

సగం సగం పద్ధతి

ముప్పై ఫైళ్లలో తప్పున్నది ఒక్కటే అనుకుందాం. అది ఏదో తెలియదు. ఒక్కొక్కటి చూస్తూ పోతే ముప్పై సార్లు చూడాలి. అలా కాకుండా మొదటి 15 ఫైళ్లు మాత్రమే చదివించండి. తప్పు వస్తే అది వాటిలోనే ఉంది. రాకపోతే మిగిలిన 15లో ఉంది. మళ్లీ వాటిలో సగం. ఇలా 15, 8, 4, 2, 1 అని ఎక్కువలో ఎక్కువ ఐదు విడతల్లో దొరుకుతుంది. ఫైళ్లు వెయ్యి ఉన్నా పది విడతలే.

ఒక జాగ్రత్త. తప్పున్న ఫైల్ దొరికాక దాన్ని సరిచేసి, మొత్తం ఫైళ్లను మళ్లీ నడపాలి. రెండో తప్పు ఇంకోచోట ఉండవచ్చు. ఒక్కో ఫైల్ విడిగా బాగానే ఉండి, కలిపినప్పుడే చిక్కు వస్తే, అది వరుసలోనో కొలమానంలోనో ఉందని గుర్తు. అప్పుడు రెండేసి ఫైళ్లు పక్కపక్కన పెట్టి పోల్చాలి.

లెక్కకు ముందు ఏడు పరీక్షలు

వీటిని నోటుబుక్కులో రాసుకోండి.

1. ఫైళ్లు ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి?
2. ఒక్కో ఫైల్ బరువు ఎంత ఉండాలి, ఎంత ఉంది?
3. ప్రోగ్రామ్ చదివిన వరుసలో పేర్లన్నీ అచ్చు వేయించి కళ్లతో చూశామా?
4. ప్రతి ఫైల్‌లో రోజులు, వరుసలు, నిలువు గడుల పేర్లు ఒకేలా ఉన్నాయా?
5. ప్రతి ఫైల్‌లో అతి చిన్న విలువ, అతి పెద్ద విలువ ఎంత? మైనస్ వాన, 99.9 డిగ్రీలు ఇక్కడే దొరికిపోతాయి.
6. కొలమానం, తేదీ పద్ధతి, ఖాళీ గుర్తు ఏమిటో డేటాతో వచ్చిన వివరణ పత్రంలో చదివామా?
7. ఏదో ఒక రోజు, ఒక చోటు విలువను చేత్తో తీసి, ప్రోగ్రామ్ ఇచ్చిన విలువతో సరిచూశామా?

వీటికి అరగంట పడుతుంది. అసలు ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో ఎవరూ ముట్టకుండా ఉంచి, నకలు మీదే పని చేయండి. వీలైతే అదే ప్రోగ్రామ్‌ను స్నేహితుడి కంప్యూటర్‌లో కూడా నడిపి చూడండి. జవాబు మారితే ఎక్కడో వరుస తప్పినట్టే.

చివరగా ఒక మాట

మేము 2020 ఫైల్‌ను మళ్లీ దించుకొని, రాసిన రెండు పేజీలు చించేసి, గడువుకు ఒక రోజు ఆలస్యంగా ప్రాజెక్టు ఇచ్చాము. ఆలస్యానికి మాటపడ్డాము. అయినా అబద్ధం రాయలేదన్న తృప్తి మిగిలింది.

హవాయిలో తప్పు పట్టింది ఒక విద్యార్థి. మా తప్పు పట్టింది ఒక రైతు. ఒకరు రెండు కంప్యూటర్ల జవాబులు పోల్చి చూశారు. మరొకరు తాను కళ్లారా చూసిన చెరువుతో మా గ్రాఫ్‌ను పోల్చి చూశారు. ఇద్దరూ చేసింది ఒకటే, వచ్చిన జవాబును అలాగే నమ్మకపోవడం. మన ఇళ్లలో వానల గురించి, పంటల గురించి, కూలి దినాల గురించి తెలిసినవారు ఉన్నారు. మీ లెక్క తేలగానే ముందు వారికి చెప్పి చూడండి. వారు "అట్లెట్లయితది?" అంటే నొచ్చుకోకండి. వెళ్లి ఫైల్ బరువు చూడండి.